బిడ్డను ఎవరి దగ్గర వదిలి వెళ్లాలి? బాల్వాడీల నుంచి అంగన్‌వాడీల దాకా

పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, అప్పుల వసూళ్లు ముందు పేజీల్లో చూసి ఉంటారు. ఇక్కడ ఏ రిజిస్టర్‌లోకీ ఎక్కని ఒక పని గురించి రాస్తున్నాం. అది పసిపిల్లల్ని చూసుకునే పని. నెల సమావేశానికి ఎందుకు రాలేదమ్మా అని అడిగితే మన సభ్యులు ఎక్కువసార్లు చెప్పే జవాబు ఒకటే: బిడ్డను చూసేవాళ్లు లేరు. అప్పు తీసుకుని కుట్టు మిషను కొన్నామె పని ఆగిపోయినా, నాట్ల కాలంలో కూలి పోగొట్టుకున్నా, కారణం తవ్వితే తరచుగా అదే బయటపడుతుంది. మరి ఈ ప్రశ్న మనకే వచ్చిందా, మన ముందు తరాల వాళ్లు ఏం చేశారు? అది తెలుసుకుంటే రేపు మనం ఏం అడగాలో కొంత తేలుతుంది.

వెనకటి రోజుల్లో అత్తా, తోటికోడలూ, అవ్వా ఉండేవాళ్లు, పిల్లలు వాళ్ల చేతుల్లోనే పెరిగేవాళ్లు అని పెద్దవాళ్లు చెబుతుంటారు. అది కొంతవరకే నిజం. కూలికి పోయే ఇళ్లలో అత్త కూడా కూలికి పోయేది. చెట్టు కొమ్మకు చీర కట్టి ఉయ్యాల వేసి, ఊపడానికి ఆరేడేళ్ల ఆడపిల్లను పెట్టి వెళ్లేవాళ్లు. ఉయ్యాలలో బిడ్డకు చీమలు కుట్టేవి. ఊపే పిల్లకు బడి పోయేది. చిన్నబిడ్డ ఆలనకూ పెద్దపిల్ల చదువుకూ ముడి అక్కడే పడింది. దాన్ని ముందుగా గుర్తుపట్టినవాళ్లలో ఒకామె మహారాష్ట్రకు చెందిన తారాబాయి మోదక్.

ఆమె కథకు ముందు గుజరాత్ దాకా వెళ్లాలి. అక్కడ భావనగర్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు, కొడుకును ఎలా పెంచాలా అని ఆలోచిస్తూ మాంటిస్సోరీ పద్ధతి గురించి చదివి, వకీలు పని మానేసి 1920లో బాలమందిరం పెట్టాడు. పిల్లల్ని కొట్టకూడదు, భయపెట్టకూడదు, ఆటతో పాటతో కథతో నేర్పాలి అన్నది ఆయన పట్టు. ఇవాళ మనకు మామూలు మాటే గానీ, బెత్తం లేని బడిని ఆ రోజుల్లో ఎవరూ బడి అనుకోలేదు. తారాబాయి ఆయనతో కలిసి పనిచేసింది. ఇద్దరి చొరవతో 1926లో నూతన బాల శిక్షణ సంఘం ఏర్పడింది.

కానీ ఆ బాలమందిరాలకు వచ్చింది ఎక్కువగా పట్నంలో కలిగినవాళ్ల పిల్లలు. మాంటిస్సోరీ సామాను ఖరీదైనది. పేదపిల్లల సంగతేమిటన్న ప్రశ్న తారాబాయిని వదల్లేదు. 1945లో ఆమె ఠాణే జిల్లా సముద్రం ఒడ్డున ఉన్న బోర్డీ అనే ఊరికి వెళ్లి బాల్వాడీ మొదలుపెట్టింది. అనుతాయి వాఘ్ అనే ఉపాధ్యాయురాలు అక్కడే ఆమెకు జతకలిసింది. అనుతాయికి పదమూడో ఏటే పెళ్లి చేశారు, కొన్ని నెలలకే భర్త పోయాడు. తర్వాత పట్టుబట్టి చదువుకుని టీచరైంది.

బాల్వాడీ తెరిచారు గానీ దళితవాడ పిల్లలు రాలేదు. పిల్లలు రాకపోతే మనమే వెళ్దాం అని వీళ్లే వాడలోకి నడిచి, ఏదో ఒక ఇంటి ముంగిట కూర్చుని పిల్లల్ని పోగేశారు. మరాఠీలో, హిందీలో ముంగిలిని అంగణం, ఆంగన్ అంటారు. ముంగిట్లో నడిచే బాల్వాడీ కాబట్టి అంగన్‌వాడీ. ఇవాళ మన ఊళ్లో బోర్డు మీద రాసి ఉన్న మాట అక్కడ పుట్టింది. సర్కారు ఆఫీసులో పెట్టిన పేరనుకుంటాం గానీ, అది ఇద్దరు ఆడవాళ్లు గడప గడపకూ తిరిగి సంపాదించిన పేరు. ఖరీదైన సామానుకు బదులు గింజలు, గవ్వలు, పుల్లలు, ఆకులు వాడారు. చింతగింజలతో లెక్క నేర్పడం మన టీచర్లకూ తెలిసిన విద్యే.

1957లో పని కోస్‌బాడ్ కొండకు మారింది. అక్కడ ఉండేది వార్లీ ఆదివాసులు. పిల్లలు పొద్దున్నే పశువుల్ని తోలుకుపోతారు, బడికి రారు. అందుకని పంతులమ్మలే పశువుల వెంట మేత బీళ్లకు పోయి అక్కడే చదువు చెప్పారు. ఆడపిల్లలది ఇంకో చిక్కు. చంకలో తమ్ముడో చెల్లెలో ఉంటే బడికి ఎలా వస్తారు? తారాబాయి చేసిన ఏర్పాటు చాలా సులువుగా కనిపిస్తుంది గానీ, అంతకుముందు ఎవరికీ తట్టలేదు. శిశు సంరక్షణ కేంద్రం, బాల్వాడీ, ప్రాథమిక బడి మూడింటినీ ఒకేచోట పెట్టి వికాసవాడి అంది. అక్క చంకలోని బిడ్డను ఒక గదిలో దింపి పక్క గదిలో చదువుకు కూర్చోవచ్చు. ఈ మూడు గదుల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన తెలుగువాళ్ల వంతు కూడా ఉంది. గోదావరి ప్రాంతంలో పుట్టి, చిన్నవయసులోనే కాకినాడలో ఆడవాళ్లకు హిందీ బడి పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నిలబెట్టింది, రాజ్యాంగ సభలో కూర్చుంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షురాలు ఆమే. మరుసటి ఏటి నుంచి బోర్డు కొన్ని ఊళ్లను కలిపి సంక్షేమ విస్తరణ పథకాలు పెట్టింది. బాల్వాడీ, కాన్పుల సాయం, ఆడవాళ్లకు చదువు, చేతిపని వాటిలో ఉండేవి. ఎన్నో ఊళ్లకు పసిపిల్లల కోసం సర్కారు డబ్బు వచ్చింది అప్పుడే. మహిళా మండళ్లు చాలాచోట్ల ఆ బాల్వాడీల్ని నడిపాయి. ఊరి ఆడవాళ్ల సంఘం పిల్లల కేంద్రాన్ని నడపడం అన్నది డ్వాక్రాతో మొదలైన సంగతి కాదు, అంతకు ముప్పై ఏళ్ల ముందుదే.

1969లో ఢిల్లీలో గాంధీగారి శతజయంతి ప్రదర్శన కోసం కట్టడాలు లేస్తున్నాయి. మట్టి మోసే తల్లుల పిల్లలు ఎండలో, దుమ్ములో పడి ఉండటం చూసిన మీరా మహాదేవన్ అక్కడే ఒక డేరా వేయించి పిల్లల్ని చేరదీసింది. మొబైల్ క్రెష్ అనే సంస్థ అలా మొదలైంది. కట్టడం ముగిసి కూలీలు ఇంకోచోటికి పోతే, కేంద్రం కూడా వాళ్ల వెంట పోతుంది. పాలమూరు నుంచి బొంబాయి దాకా, ఇతర నగరాల దాకా పనులకు పోయిన కుటుంబాలకు ఆ డేరా విలువ విడిగా చెప్పక్కర్లేదు.

ఇక 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, మనం ఐసీడీఎస్ అనేది, దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైంది. అదనపు ఆహారం, పూర్వ ప్రాథమిక విద్య, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పోషణ విద్య అంటూ ఆరు సేవలు చెప్పారు. ఇప్పుడు దేశం మొత్తం మీద కేంద్రాలు 14 లక్షలకు దగ్గరగా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా. ప్రపంచంలో ఇంత పెద్ద శిశు పథకాలు అరుదు.

ఒక మాట మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. మొదలైన రోజుల్లో పదో తరగతి పాసైన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, ఆయాకు 35 రూపాయలు. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఆ మాట ఇప్పటికీ అలాగే ఉంది. పిల్లల్ని చూడటం ఆడవాళ్లకు పుట్టుకతో వచ్చిన పని, దానికి జీతమెందుకు అన్న ఆలోచన ఆ పేరులోనే దాగి ఉందని మా అభిప్రాయం. అంగన్‌వాడీ కార్యకర్తలకు, ఆయాలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. ఆ రోజుల్లో బిడ్డను ఎక్కడ వదలాలో తెలియక ఇబ్బంది పడిన తల్లులు వాళ్ల మీద విసుక్కున్నమాట నిజమే. కానీ ఆ కార్యకర్తల్లో చాలామంది మన సంఘాల సభ్యులే కదా.

మన సంఘాలకు, ఈ కేంద్రాలకు సంబంధం ఎలా పెరిగిందో చూద్దాం. 1982లో డ్వాక్రా వచ్చింది. 1992 నాటికి దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, దాని వెనకాలే పొదుపు సంఘాలు ఊరూరా నిలిచాయి. 2000లో సెర్ప్ ఏర్పడి గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు కట్టడం సాగింది. ఇవన్నీ మీకు కంఠోపాఠం. ఎక్కువమందికి తెలియనిది ఇంకొకటి ఉంది. తిండి హక్కు కేసులో 2004 అక్టోబరు 7న సుప్రీంకోర్టు, అంగన్‌వాడీల ఆహారానికి కాంట్రాక్టర్లను వాడకూడదు, వీలైనంతవరకు ఊరివాళ్ల చేత, స్వయం సహాయక సంఘాల చేత, మహిళా మండళ్ల చేత సరుకులు కొనించి వండించాలి అని ఆదేశించింది. 2006 డిసెంబరు 13న అదే కేసులో ఇంకో ఆదేశం ఇచ్చింది. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉన్న వాడగానీ, బస్తీగానీ అంగన్‌వాడీ లేదని అడిగితే, అడిగిన మూడు నెలల్లోపు పెట్టాలి. ఈ రెండు తేదీలు మన తీర్మానం పుస్తకంలో రాసిపెట్టుకోవాల్సినవి.

2007 నుంచి సెర్ప్ ఆధ్వర్యంలో గ్రామ సంఘాలు నడిపిన పోషకాహార కేంద్రాలు కొందరికి గుర్తుండే ఉంటాయి. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు అక్కడికే వచ్చి తినేవాళ్లు. ఖర్చులో కొంత తినేవాళ్లే ఇచ్చేవాళ్లు, చేతిలో డబ్బు లేకపోతే సంఘం నుంచి అప్పు తీసుకుని మెల్లగా కట్టేవాళ్లు. వండేది పేద సభ్యురాలు, చూసుకునేది ఆరోగ్య ఉపసంఘం. ఇంటికి పట్టుకుపోతే ఆ బియ్యం, పప్పు అందరి కంచాల్లోకీ పోయి, చివరికి తినే కోడలికి మిగిలేది చారునీళ్లే. అక్కడే తినాలన్న నియమం అందుకే. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన అమృత హస్తం, 2015 జనవరి 1 నుంచి తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి అదే దారి పట్టాయి. అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు కేంద్రంలోనే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, బాలింత గడప దాటకూడదు, పథ్యం తినాలి, పప్పు వాతం, గుడ్డు వేడి అనే పెద్దవాళ్ల పట్టు దగ్గర. సర్కారు ఉత్తర్వు మార్చగలదు గానీ అత్తగారి పథ్యాన్ని మార్చలేదు. దాన్ని సంఘంలో పక్కన కూర్చున్న ఇంకో అత్తగారే మార్చాలి, కొన్నిచోట్ల మార్చారు కూడా.

ఇప్పుడు ఆ మూడు గదుల సంగతి. తారాబాయి కట్టిన మూడింటిలో బాల్వాడీ అంగన్‌వాడీ అయింది, ప్రాథమిక బడి ఊరూరా ఉంది. మొదటి గదే మనదాకా రాలేదు. అంగన్‌వాడీలో కూర్చునేది మూడేళ్లు నిండిన పిల్లలు. అంతకంటే చిన్నవాళ్లకు బాలామృతం ఇస్తారు, తూకం వేస్తారు, టీకా రోజు గుర్తుచేస్తారు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎత్తుకునేవాళ్లు మాత్రం లేరు. ఒక కార్యకర్త, ఒక ఆయా, పాతిక ముప్పై మంది పిల్లలు, ఆపైన రిజిస్టర్లు, ఫోనులో యాప్. ఇంకా పాలు తాగే బిడ్డను తీసుకోమంటే వాళ్లు మాత్రం ఎలా తీసుకుంటారు?

చట్టాల్లో ఈ గది లేకపోలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1951 తోటల కూలీల చట్టం శిశు కేంద్రం పెట్టాలన్నాయి. 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 50 మందికి మించి ఆడకూలీలు ఉన్నచోట పెట్టాలంది. 2017 సవరణ 50 మంది ఉద్యోగులున్న సంస్థలకు అదే చెప్పింది. చూశారా, అన్నీ యజమాని ఒకడు కనిపించే పనులే. ఇవాళ ఒకరి మడిలో నాటు, రేపు ఇంకొకరి చేలో కలుపు, ఎల్లుండి పత్తి ఏరడం చేసే మనకు ఏ యజమాని గది కట్టిస్తాడు? మనకు వర్తించేది ఉపాధి హామీ చట్టం పెట్టిన ఒక నియమం. పనిచోట పసిపిల్లలు ఐదుగురు, అంతకంటే ఎక్కువ ఉంటే, ఒకామెను వాళ్లను చూడటానికే పెట్టి, అందరితో సమానంగా కూలి ఇవ్వాలి. మండుటెండలో తట్ట మోయలేని పెద్దవయసు సభ్యులకు ఇది మంచి పని. అయినా పిల్లల్ని ఎవరూ తీసుకురావడం లేదు కాబట్టి ఆయా అక్కర్లేదంటారు, ఆయా లేదు కాబట్టి పిల్లల్ని ఎవరూ తీసుకురారు. మస్టరు వేసే రోజునే ఐదుగురు తల్లులు కలిసి రాసిచ్చి అడిగితే తప్ప ఈ ముడి వీడదు.

కేంద్ర ప్రభుత్వం 2022లో పాల్నా పేరుతో, అంగన్‌వాడీకి శిశు సంరక్షణ కేంద్రాన్ని జతచేసే పథకం తెచ్చింది. కాగితం మీద చూస్తే తారాబాయి మొదటి గది ఇదే. మన మండలంలో దీనికి ఏ ఊరు అడగాలి, గ్రామ సంఘం భవనంలో ఒక గది ఇవ్వగలమా, నాట్లు, కోతల రెండు నెలలు మనమే నడిపితే ఆయాకు ఇచ్చే డబ్బులో తల్లులు ఎంత వేసుకుంటారు, పంచాయతీని ఎంత అడగాలి అన్నవి వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో పెట్టాం. వచ్చేముందు ప్రతి సంఘం తమ వాడలో మూడేళ్లలోపు పిల్లలెందరో, వాళ్ల తల్లులు ఏ నెలల్లో ఏ పనికి పోతారో ఒక తెల్లకాగితం మీద రాసి తేవాలి.