ఓడరేవు నుంచి ఇంటికి పోయే కాఫీ పొట్లం

మన పెద్దమందడి చేలల్లో కాఫీ పండదు. అయినా దాని చరిత్ర మనం చదవాలి. అది కొండమీది మన అన్నదమ్ముల చరిత్ర.

2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక విశాఖపట్నం రేవుకు వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ విహార నౌకల కోసమే టెర్మినల్ తెరిచారు. ఊరు చూడ దిగినవాళ్లు ఇంటికి కానుకగా పట్టుకుపోదగినది అరకు కాఫీ. అదే నెల ఢిల్లీ జి-20 సదస్సులో దేశాధినేతలకిచ్చిన కానుకల్లోనూ అది ఉంది.

ఆ మొక్క కొండకు కొత్తదే. 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు తూర్పు గోదావరి పాములేరు లోయలో నాటించాడు. తర్వాత అది పాడేరు, అరకు, చింతపల్లి వైపు పాకింది. సర్కారు తోటల్లో ఆదివాసీలు కూలీలు. పోడుకు బదులుగా కాఫీ మొక్కలిచ్చాక, వాళ్లే రైతులయ్యారు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే మిరియాల తీగ. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ కూడా ఆ గింజలు కొంటుంది. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది.

గుర్తింపు పేరును కాపాడుతుంది. రైతును కాపాడేవి భూమి పట్టా, సరైన తూకం, న్యాయమైన ధర. మన నల్లమల చెంచుల తేనెకూ ఇదే లెక్క.

ఉపాధ్యాయ మిత్రులారా, బడిలో ఒక పొట్లం చూపించి పిల్లల్ని అడగండి: ఈ పండు ఎవరు కోశారు? కొన్నవాడు ఇచ్చిన రూపాయిలో ఆ చేతికి ఎన్ని పైసలు చేరాయి? ఆ లెక్క అడగడం నేర్చిన పిల్లలు రేపు సంతలో మోసపోరు.