అండమాన్ నికోబార్ దీవులు: పారామెడికల్ సిబ్బందికి ఉన్నత శిక్షణ ఎందుకు అవసరం?

బంగాళాఖాతంలో 700 కిలోమీటర్లకు పైగా విస్తరించిన అండమాన్ నికోబార్ దీవుల్లో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 3.8 లక్షల మంది నివసిస్తున్నారు. వారిలో తెలుగువారి సంఖ్య కూడా గణనీయమే. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లోని జి.బి. పంత్ ఆస్పత్రి ఈ దీవులన్నిటికీ ప్రధాన రిఫరల్ కేంద్రం.

దక్షిణ కొసన ఉన్న క్యాంప్‌బెల్ బే నుంచి రాజధానికి ఓడలో చేరడానికి ఒక రోజుకు పైగా పట్టవచ్చు. హెలికాప్టర్ సేవలు వాతావరణంపై ఆధారపడి ఉంటాయి. అంతవరకు రోగి ప్రాణం నిలపవలసింది స్థానిక ఆరోగ్య కేంద్రంలోని సిబ్బందే.

అందుకే అత్యవసర చికిత్సలో నైపుణ్యం వారికి అత్యంత ఆవశ్యకం. గుండె ఆగిన వయోజనుల ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. నీట మునిగి శ్వాస ఆగినవారికి ముందుగా కృత్రిమ శ్వాస అందించాలి. పాము కాటుకు గురైన అవయవాన్ని బిగించి కట్టకుండా, కదలకుండా ఉంచాలి.

ప్రాథమిక వైద్యంలో శిక్షణ కూడా అంతే ముఖ్యం. గర్భిణికి రక్తపోటు పెరిగిందని ముందుగానే గుర్తిస్తే, ఆమెను సాధారణ ఓడలోనే సురక్షితంగా పెద్దాస్పత్రికి చేర్చవచ్చు. గుర్తించకపోతే అర్ధరాత్రి హెలికాప్టర్ కోసం ఎదురుచూడవలసి రావచ్చు.

ఈ వృత్తుల విద్యకు, సేవలకు దేశమంతటా ఏకరూప ప్రమాణాలు నెలకొల్పేందుకు పార్లమెంటు 2021లో ప్రత్యేక చట్టం చేసింది. ఆ ప్రమాణాలు ఉపకేంద్రం వరకు చేరినప్పుడే మారుమూల దీవుల ప్రజలకు భరోసా కలుగుతుంది.