గాలి దుప్పటికి ఆవల



పిల్లవాడు అరుగుమీంచి పడి చెయ్యి వాస్తే ఏం చేస్తాం? సూర్యారావుపేట డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తుతాం. ఆయన ఎక్స్‌రే తీయించమంటారు. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ కిరణాలను కనిపెట్టినప్పుడు, ఆయన తీసిన తొలి ఫోటోల్లో ఒకటి ఎవరి చేతిదనుకున్నారు? ఆయన ఇల్లాలు అన్నా బెర్తాది. ఎముకలతోపాటు వేలి ఉంగరం కూడా కనబడింది!

నక్షత్రలోకం నుంచి కూడా ఎక్స్‌కిరణాలు వస్తూనే ఉంటాయి. కానీ మన నెత్తిమీది గాలి దుప్పటి వాటిని కిందికి రానివ్వదు. అది మన అదృష్టమే అనుకోండి! వాటిని చూడాలంటే మాత్రం ఆ దుప్పటి దాటి పైకి వెళ్ళక తప్పదు. 1970 డిసెంబరు 12న, ఈ పనికే ప్రత్యేకించిన తొలి ఉపగ్రహాన్ని అమెరికావారు కెన్యా తీరం నుంచి ఎగరేశారు. అది కెన్యా స్వాతంత్ర్య దినం. అందుకని ‘ఉహురూ’, అంటే స్వేచ్ఛ, అని పేరు పెట్టారు. ఆ పథకం నడిపిన అధికారి మార్జరీ టౌన్సెండ్ అనే మహిళ.

అది ఏం చూపించిందంటారా? కృష్ణ వరదలో సుడి మీరు చూసే ఉంటారు. నీళ్ళు గిర్రున తిరగడం చూసి, అడుగున ఏదో లాగుతోందని గ్రహిస్తాం. హంస మండలంలోని ‘సిగ్నస్ ఎక్స్-1’ దగ్గరా అదే తీరు. పక్క నక్షత్రం నుంచి లాగబడిన వాయువు గిరగిరా తిరుగుతూ, లక్షల డిగ్రీలకు కాగి, ఎక్స్‌కిరణాలు చిమ్ముతుంది. లాగేది మాత్రం కనబడదు. అదే కృష్ణబిలం!

మరి మనవాళ్ళో? 1975 ఏప్రిల్ 19న సోవియట్ రష్యా నుంచి ఎగిరిన మన తొలి ఉపగ్రహం ఆర్యభట్టలో ఎక్స్‌రే పరికరం పెట్టారు. కొద్దిరోజులకే విద్యుత్తు సరఫరా చెడి ఆ పరిశోధన ఆగిపోయింది. ఒకనాడు పాలు విరిగాయని మర్నాడు పొయ్యి వెలిగించడం మానేస్తామా? హైదరాబాదు నుంచి పెద్ద బెలూన్లకు పరికరాలు కట్టి పంపుతూ మనవాళ్ళు పని సాగించారు. 40 ఏళ్ళకు, 2015 సెప్టెంబరు 28న, ‘ఆస్ట్రోశాట్’ మన శ్రీహరికోట నుంచే లేచింది. 2024 జనవరి 1న ‘ఎక్స్‌పోశాట్’ కూడా అక్కడినుంచే వెళ్ళింది.

“ఇంత డబ్బు పోసి చుక్కలు చూస్తే మనకేం ఒరుగుతుంది?” అనేవారుంటారు. రాంట్‌జెన్ వైద్యం కోసం వెతకలేదమ్మా. ఆ కిరణమేమిటో తెలుసుకుందామని వెతికాడు. అందుకే నేడు మన పిల్లవాడి ఎముక డాక్టరుగారికి కనబడుతోంది.

ఈసారి బెజవాడలో చెన్నై రైలెక్కితే, సూళ్ళూరుపేట రాగానే పిల్లల్ని నిద్రలేపండి. తూర్పుదిక్కు చూపించి ఈ కథ చెప్పండి. అన్నా బెర్తా ఉంగరం సంగతి మరచిపోకండేం!