పాత టేకు తలుపు, తఖ్త్ మీది పాలిష్ తీయించే ముందు

ఇంట్లో నికా తారీఖు ఖాయం కాగానే ముందు గోడల సున్నం గుర్తొస్తుంది, ఆ తర్వాత తలుపులు. మిస్త్రీ వస్తాడు, గోటితో గీకి చూస్తాడు, "మిషన్ పెట్టేద్దాం ఖాలా, ఒక్కరోజు పని" అంటాడు. మా నానీ తఖ్త్‌కి అలాగే పెట్టించాం. పాత పాలిష్ పోయింది, దాంతోపాటు అంచు మీద చెక్కిన తీగ సగం చదునైపోయింది. మళ్లీ చెక్కించడానికి అయ్యే ఖర్చు విని ఊరుకున్నాం.

కాబట్టి మిషన్ కంటే ముందు, చెక్క మీద ఉన్నది ఏమిటో తెలుసుకోవాలి. దీనికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. తలుపు వెనక, కనపడని మూల చూసుకుని, పాలిష్ స్పిరిట్‌లో తడిపిన దూది రెండు నిమిషాలు ఆనించండి. పూత జిగటగా మారి దూదికి అంటుకుంటే అది చపడా, అంటే లక్క రేకులు స్పిరిట్‌లో కరిగించి వేసిన పాలిష్. పాత ఇళ్లలో ఎక్కువగా ఇదే ఉంటుంది. స్పిరిట్‌కి కదలకుండా థిన్నర్‌కి మెత్తబడితే లాకర్. రెండింటికీ లొంగకపోతే మెలమైనో, పీయూనో, పాత నూనె వార్నిషో అయ్యుండొచ్చు.

చపడా అయితే మీ అదృష్టం. గుడ్డని స్పిరిట్‌లో తడిపి, కొంచెం కొంచెం మేర రుద్దుతూ, గుడ్డ మురికి కాగానే మారుస్తూ పోతే పూత మొత్తం వచ్చేస్తుంది. చెక్కిన పూల సందుల్లోకి పాత టూత్‌బ్రష్ చాలు. టేకు ఒక్క పొర కూడా అరగదు. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి దగ్గర్లో పొయ్యి, అగర్‌బత్తి, బీడీ ఉండకూడదు.

లొంగని పూతలకి దుకాణాల్లో పెయింట్ రిమూవర్ అమ్ముతారు. మందంగా పూసి, బుడగలు లేచాక మొద్దు అంచున్న చెక్కతోనో ప్లాస్టిక్ ముక్కతోనో గీకాలి. డబ్బా మీద మిథిలీన్ క్లోరైడ్ అని ఉందేమో చూడండి. మూసిన గదుల్లో దాని ఆవిరి పీల్చి మనుషులు చనిపోయారు. అందుకే అమెరికాలో 2019లో ఇళ్లలో వాడకానికి దాని రిమూవర్లు అమ్మకుండా ఆపేశారు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఆ ఆవిరి ఆగదు. తలుపుని ఊడదీసి ఆరుబయటికి తెచ్చి చేయించండి. కాస్టిక్ సోడాతో కడిగే అలవాటు కూడా కొందరికి ఉంది. పూత పోతుంది నిజమే, కానీ టేకు నల్లబడుతుంది, నార లేస్తుంది. నేనైతే వద్దంటాను.

అసలు భయపడాల్సింది పాలిష్‌కి కాదు, రంగుకి. పాత ఇళ్ల తలుపులకి, కిటికీలకి పొర మీద పొర ఆకుపచ్చ, నీలం ఎనామెల్ వేసి ఉంటుంది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమలైంది. అంతకుముందు వేసిన రంగులో సీసం ఉందనే అనుకుని పని చేయించడం మంచిది. మిషన్ పెడితే ఆ సీసం సన్నటి దుమ్మై పరుపుల మీద, బొమ్మల మీద కూర్చుంటుంది. చిన్న పిల్లలు నేల మీద పాకి, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటారు. సీసం వాళ్ల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, ఇంత ఉంటే పర్వాలేదనే హద్దు కూడా లేదు. అలాంటి రంగుని పొడిగా రుద్దనివ్వకండి, మంట పెట్టి కాల్చనివ్వకండి. నీళ్లు చిలకరిస్తూ తడిగానే గీకాలి, కింద ప్లాస్టిక్ షీట్ పరవాలి, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. తర్వాత చీపురు కాదు, తడి గుడ్డ. పని ముగిసేదాకా పిల్లల్ని, గర్భిణుల్ని బంధువుల ఇంట్లో ఉంచండి. ఇంట్లో ఎవరూ ఉండరు కదా అని మిస్త్రీని మర్చిపోవద్దు, దుమ్మంతా పీల్చేది ఆయనే.

పూత పోయాక రెండు రకాల మరకలు మిగులుతాయి. గొళ్లెం, మేకుల చుట్టూ, నీళ్లు తగిలిన గడప దగ్గర కనిపించే నల్ల మచ్చలు ఇనుము వల్ల వచ్చేవి. వాటికి ఆక్సాలిక్ ఆమ్లం. గోరువెచ్చటి నీళ్లలో కలిపి ప్లాస్టిక్ గిన్నెలోంచి బ్రష్‌తో పూసి, తేలాక రెండుమూడుసార్లు మంచినీళ్లతో తుడవాలి. అది విషం, చేతికి గ్లౌజులు ఉండాల్సిందే. దానికి ముందు స్టీల్ ఊలుతో రుద్దకండి, విరిగిన తీగ ముక్కలు చెక్కలో ఇరుక్కుని కొత్త మచ్చలు చేస్తాయి. ఇక చెక్క లోపలికి ఇంకిన వాల్‌నట్, రోజ్‌వుడ్ రంగులు పూర్తిగా పోవు, కొంత తేలికపడతాయి అంతే. దాన్ని బ్లీచింగ్‌తో తెల్లగా చేద్దామని ఆక్సాలిక్‌తో కలిపారో, క్లోరిన్ వాయువు వస్తుంది.

రెండు రోజులు నీడలో ఆరాక శాండ్ పేపర్. 120తో మొదలుపెట్టి 180, ఆపైన 220, ఎప్పుడూ నార వెంటే, చేత్తోనే. టేకు ప్లైవుడ్ తలుపైతే మరీ జాగ్రత్త. పైన అతికించిన టేకు రేకు అర మిల్లీమీటర్ అటూఇటూ ఉంటుంది, మిషన్ రెండుసార్లు తిరిగితే లోపలి ప్లై కనిపిస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లు ఇంటి వెనక డెక్ గురించి అడుగుతుంటారు. అక్కడా పద్ధతి దాదాపు ఇదే, స్ట్రిప్పర్ పూసి కడిగి, ఆక్సాలిక్‌తో రంగు తేల్చడం. కాకపోతే 2004కి ముందు కట్టిన డెక్ చెక్కకి ఆర్సెనిక్ మందు పట్టించి ఉండొచ్చు. దాన్ని రుద్దడం, ఆ ముక్కల్ని కాల్చడం రెండూ వద్దు.

కొత్త పాలిష్ వానాకాలంలో వేయించకండి, గాలిలో తేమకి తెల్లటి పొగలా పడుతుంది. తలుపులకి, తఖ్త్‌కి మళ్లీ చపడానే బాగుంటుంది. దస్తర్‌ఖాన్ పరిచే బల్లకి మాత్రం వద్దు, వేడి గిన్నె పెట్టగానే తెల్ల గుండ్రం పడుతుంది. అలసినూనె వాడితే ఆ గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో నానబెట్టి, విప్పి ఆరేసి పారేయండి.

రేటు మాట్లాడేటప్పుడు చదరపు అడుగు లెక్క తలుపుకి ఒక వైపా రెండు వైపులా, సామాను ఆయనదా మీదా, పాత పూత తీయడం అందులో ఉందా లేదా అన్నది కాగితం మీద రాయించుకోండి. సాధారణంగా గొడవ వచ్చేది ఆ మూడో మాట దగ్గరే.