రేడియోడాంటా

రేడియోడాంటా అనేది కేంబ్రియన్ యుగంలో సముద్రాలను ఏలి, తర్వాత పూర్తిగా అంతరించిపోయిన జంతువుల క్రమం. రొయ్యలు, పీతలు, తేళ్లు, కీటకాలు చేరిన సంధిపాదుల (ఆర్థ్రోపోడా) వంశవృక్షంలో దీనిది మొదలుకు దగ్గరి కొమ్మ. తల ముందు ముళ్లున్న ఒక జత కణుపుల ఉపాంగాలు, తల అడుగున పలకలతో కట్టిన గుండ్రటి నోరు, కాడల మీద నిలిచిన సంయుక్త నేత్రాలు, ఈదడానికి ఇరుపక్కలా వరసగా వెడల్పాటి మడతలు వీటి గుర్తులు. నడిచే కాళ్లు లేవు.

ఈ జంతువుల వర్గీకరణ చరిత్ర విడిభాగాలతో మొదలైంది. 1886లో కెనడా జియలాజికల్ సర్వేకు చెందిన రిచర్డ్ మెకానెల్ బ్రిటిష్ కొలంబియాలోని స్టీఫెన్ పర్వతం మీద కొన్ని శిలాజాలు సేకరించారు. వాటిలో కణుపులు, ముళ్లు ఉన్న ఒక రకాన్ని జోసెఫ్ వైటీవ్స్ 1892లో తల ఊడిపోయిన రొయ్యలాంటి జీవి శరీరమనుకుని, అనోమలోకారిస్ కెనడెన్సిస్ అని పేరు పెట్టారు. 1909లో ఆ ప్రాంతంలోనే బర్జెస్ షేల్ శిలాజాలను వెలుగులోకి తెచ్చిన చార్లెస్ వాల్కాట్, 1911లో మరో రెండు పేర్లు చేర్చారు. నడుమ రంధ్రంతో అనాస చక్రంలా కనిపించిన శిలాజాన్ని జెల్లీఫిష్‌గా భావించి పెయ్‌టోయియా అన్నారు. నలిగిన ఒక శరీరాన్ని సముద్ర దోసకాయగా లెక్కించి లగ్గానియా అన్నారు.

వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. ఈ జంతువుల మెత్తటి ఒళ్లు త్వరగా చివికిపోతుంది. గట్టి ఉపాంగాలు, నోటి పలకలు మాత్రం విడివిడిగా బురదలో మిగులుతాయి. 1979లో డెరెక్ బ్రిగ్స్ అనోమలోకారిస్ అనేది శరీరం కాదని, ఏదో పెద్ద సంధిపాదికి చెందిన ఉపాంగమని చెప్పారు. ఆ పెద్ద జంతువు ఏదో మాత్రం అప్పటికి తెలియలేదు. హ్యారీ విటింగ్టన్ ఒక పెద్ద నమూనా మీది రాతిని పొరపొరగా తొలిచినప్పుడు ముందుభాగంలో ఆ ఉపాంగాలు, వాటి వెనకే నోటి స్థానంలో పెయ్‌టోయియా చక్రం బయటపడ్డాయి. రొయ్య, జెల్లీఫిష్, సముద్ర దోసకాయ అనుకున్నవన్నీ ఒకే తరహా జంతువు భాగాలని 1985లో విటింగ్టన్, బ్రిగ్స్ ప్రకటించారు. శిలాజ శాస్త్రంలో ఇంతటి దిద్దుబాట్లు అరుదు.

1996లో డెస్మండ్ కాలిన్స్ ఈ జంతువులకు రేడియోడాంటా అనే క్రమాన్ని స్థాపించారు. చిక్కు అంతటితో తీరలేదు. అసలైన అనోమలోకారిస్ నోరు పెయ్‌టోయియా నోటిలాంటిది కాదనీ, అందులో మూడు పెద్ద పలకలు ఉంటాయనీ 2012లో తేలింది. దాంతో పెయ్‌టోయియా మళ్లీ తన పేరుతో వేరే ప్రజాతిగా నిలబడింది.

సంధిపాదుల్లో వీటి స్థానాన్ని తేల్చడంలో మొరాకో శిలాజాలకు ప్రత్యేక స్థానం ఉంది. 2015లో వర్ణించిన ఏజిరోకాసిస్ బెన్‌మౌలై సుమారు 48 కోట్ల ఏళ్ల నాటిది, రెండు మీటర్ల పొడవున్నది. వేటాడకుండా, ముందరి ఉపాంగాలతో నీటిని వడగట్టి సూక్ష్మజీవులను తినేది. మొహమద్ బెన్ మౌలా అనే స్థానిక శిలాజ సేకర్త పేరు మీదుగా ఈ జాతికి పేరు పెట్టారు. బర్జెస్ షేల్ శిలాజాలు కాగితంలా అణగిపోయి ఉంటాయి; మొరాకో శిలాజాల్లో కొన్ని మాత్రం త్రిమితీయంగా నిలిచాయి. అందుకే ప్రతి శరీర ఖండానికీ ఒకటి కాదు, పైనా కిందా రెండు వరసల మడతలు ఉన్నాయని తెలిసింది. రెండు శాఖలుగా ఉండే సంధిపాదుల కాలికి మూలం ఈ ఏర్పాటులో ఉందని పరిశోధకులు వాదించారు.

నేటి సంధిపాదులన్నిటి ఉమ్మడి పూర్వజీవి కన్నా ముందే చీలిపోయిన శాఖల సముదాయాన్ని ‘స్టెమ్ గ్రూప్’ అంటారు. రేడియోడాంటాను ఎక్కువమంది అక్కడే ఉంచుతారు. ఈ అభిప్రాయానికి గట్టి ఊతమిచ్చినది స్టాన్లీకారిస్. 2010లో ఉపాంగాలు, నోటి భాగాల ఆధారంగా పేరు పెట్టిన ఈ ప్రజాతికి 2022 నాటికి 268 నమూనాలు పరిశీలనకు దొరికాయి. కొన్నిటిలో మెదడు జాడ కూడా మిగిలింది. నేటి సంధిపాదుల మెదడుకు మూడు భాగాలుంటే దీనికి రెండే ఉన్నాయి. తల నడుమ పెద్ద మూడో కన్ను కూడా ఉంది.

కొత్త జాతులు ఇప్పటికీ వస్తున్నాయి. 2019లో కేంబ్రోరాస్టర్, 2021లో టైటనోకోరిస్, 2025లో మోసురా ఫెంటోనై వర్ణనలు వెలువడ్డాయి. మోసురా వేలెడంత జంతువు. శరీర ఖండాలు 26 దాకా ఉంటాయి. వెనకభాగంలో మొప్పలున్న 16 ఖండాలు దగ్గరదగ్గరగా అమరి ఉంటాయి. ఇంతకుముందు ఏ రేడియోడాంటాలోనూ ఇటువంటి అమరిక కనపడలేదు. దీని నమూనాలు 1975 నుంచి 2022 దాకా సేకరించినవి. అంటే కొన్ని శిలాజాలు పేరు కోసం మ్యూజియం అరల్లో దశాబ్దాలు ఎదురుచూశాయి. కొత్త తవ్వకాలకు ఎంత ఖర్చు పెడతామో, పాత సేకరణలను కాపాడడానికీ అంతే శ్రద్ధ అవసరం.

టొరంటోలో ఉండేవారు, అటు వెళ్లేవారు బర్జెస్ షేల్ శిలాజాలను అక్కడి రాయల్ ఒంటారియో మ్యూజియంలో స్వయంగా చూడవచ్చు.