కుందేటి పాదము చెప్పు కథ

"తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు" అని మన సామెత. కుందేళ్లను పెంచువారు మాత్రము కాళ్లను లెక్కించుటతో తృప్తి చెందరాదు. దానిని మెల్లగా ఎత్తి, వెనుక కాళ్ల అడుగు భాగమును గూడ చూడవలెను. అక్కడ వెండ్రుకలు రాలి, చర్మము ఎఱ్ఱబడి, ఒక్కొక్కప్పుడు పుండు కనిపించును. మెత్తని నేలపై స్వేచ్ఛగా తిరుగు కుందేళ్లలో ఈ పుండు అరుదు. పెంపుడు కుందేళ్లకు ఇది ఎట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము చరిత్రలో ఉన్నది.

మన పొలములలో పరుగులు తీయు కుందేలు వేఱు, ఇండ్లలో పెంచు కుందేలు వేఱు. మొదటిది బొరియలు త్రవ్వదు. రెండవదాని పుట్టినిల్లు స్పెయిను, పోర్చుగలు దేశములున్న ఐబీరియా ద్వీపకల్పము. అది బొరియలలో నివసించు జంతువు. కుక్కకును పిల్లికిని అరికాలి క్రింద తోలు మెత్తలు కలవు. కుందేటికి అట్టివి లేవు. వానికి మాఱుగా దట్టమైన వెండ్రుకల పొర ఉండును. గెంతునప్పుడు అది వ్రేళ్లపై ఆధారపడును. కూర్చున్నప్పుడు వెనుక పాదమంతయు, మడమ వఱకు, నేలను తాకును. నేల మెత్తనిదైనచో గోళ్లు మట్టిలో దిగబడి, శరీరపు బరువు పాదమంతటను సర్దుకొనును. ఆ పాదము మట్టికొఱకే ఏర్పడినదని చెప్పవచ్చును.

రోమనులు కుందేళ్లను గోడలు కట్టిన ఆవరణములలో పెంచిరి. క్రీ. పూ. 37 ప్రాంతమున వారో అను పండితుడు తన వ్యవసాయ గ్రంథములో ఇట్టి ఆవరణములను వర్ణించుచు, బొరియలు త్రవ్వు స్పెయిను కుందేటిని గూడ పేర్కొనెను. క్రీ. శ. 12వ శతాబ్దిలో నార్మనుల పాలనలో ఇంగ్లండు ప్రభువులు మాంసమునకును, చర్మమునకును మట్టి దిబ్బలపై కుందేళ్లను పెంచిరి. ఈ కాలమంతయు కుందేలు మనుష్యుని సొత్తైనను, దాని కాలిక్రింది నేల మాత్రము మాఱలేదు.

నగరములు పెరిగిన కొలది కుందేలు చెక్కపెట్టెలోనికి, పిదప ఇనుప తీగల పంజరములోనికి వచ్చినది. తీగల నేలను ఎన్నుకొనుటకు మంచి కారణమే కలదు. కాక్సిడియోసిస్ అను ప్రేగుల వ్యాధి మలముద్వారా వ్యాపించును. నేల జల్లెడవలె ఉన్నచో మలము క్రిందికి రాలిపోవును, వ్యాధి తగ్గును. కాని సన్నని తీగపై గోళ్లు దిగవు; బరువంతయు కొద్ది స్థలముననే పడును. ఒక రోగమును తప్పింపబోయి మఱియొక రోగమునకు త్రోవ తీసినట్లయినది.

మనుష్యుడు కుందేటి ఆకారమును గూడ మార్చెను. అడవిలో సుమారు ఒకటిన్నర కిలోల బరువుండు జంతువునుండి, బెల్జియములోని ఫ్లెమిష్ జెయింట్ వంటి ఆఱు కిలోలకు మించిన జాతులను పుట్టించెను. ఇక్కడ 1638లో గెలీలియో వివరించిన సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఆకారము మాఱక పొడవు రెండింతలైనచో పాదము వైశాల్యము నాలుగింతలగును, బరువు ఎనిమిదింతలగును. అనగా పాదములోని ప్రతి చదరపు సెంటీమీటరు పైని ఒత్తిడి రెండింతలగును. పెద్ద జాతులు ఈ పుండుకు సులభముగా లోనగుట ఇందుచేతనే.

మూడవ మార్పు యాదృచ్ఛికముగా వచ్చినది. 1919లో ఫ్రాన్సు దేశమందలి సార్త్ ప్రాంతములో ఒక రైతు ఇంట, సామాన్య కుందేళ్లకు మఖ్మలు వంటి పొట్టి వెండ్రుకల పిల్లలు పుట్టినవి. జిల్లే అను క్రైస్తవ మతగురువు వానిని జాగ్రత్తగా పెంచి, రెక్స్ అను జాతిని స్థిరపరచెను. రెక్స్ అనగా లాటిను భాషలో రాజు. ఇది మెండెలు చెప్పిన అంతర్గత లక్షణము: సామాన్య కుందేటితో జతపరచినచో మొదటి తరములో కనబడదు; రెండవ తరములో నాలుగింట ఒక వంతు పిల్లలలో మరల పొడచూపును. దీనికి కారణమైన జన్యువును 2011లో గుర్తించిరి. ఈ మార్పువలన పొడుగైన రక్షక రోమములు కుఱుచబాఱినవి. వీపుపైని సొగసునకు కారణమైన జన్యువే అరికాలి మెత్తదనమును గూడ హరించినది. కావుననే ఈ "రాజు"నకు కాలిపుండ్లు ఎక్కువ.

పుండు పుట్టు విధము సులభగ్రాహ్యము. చాలకాలము మంచము పట్టిన రోగికి వీపుపై పుండ్లు పడుట మనమెఱుగుదుము. ఎముకకును గట్టి నేలకును మధ్య నలిగిన చర్మమునకు రక్తము అందదు, చర్మము చచ్చును. తడి, మూత్రము చర్మమును నానబెట్టును. స్టాఫిలోకాకస్ ఆరియస్ వంటి సూక్ష్మజీవులు లోపల ప్రవేశించును. అవి ఎముకను చేరినచో కుందేలు బ్రతుకుట కష్టము. బాధను మూగగా సహించు ఈ జంతువు కుంటుచున్నదని మనము గమనించునప్పటికి పుండు ముదిరియుండవచ్చును.

2009లో ప్రకటింపబడిన స్పెయిను పరిశోధనలో, తీగల నేలపై ప్లాస్టిక్ పలకలనుంచినచో ఈ పుండ్లు తగ్గునని తేలినది. పాఠశాలలో గాని ఇంటిలో గాని కుందేటిని పెంచువారికి ఇంకను తేలిక ఉపాయము కలదు. పొడిగా, మందముగా ఎండుగడ్డి పఱచి, తడిసినదానిని ప్రతిదినము తీసివేయవలెను. గోళ్లు పెరిగినచో బరువు మడమపైకి ఒరుగును గనుక వానిని కత్తిరింపవలెను. తిరుగుటకు చోటీయవలెను; అధికముగా క్రొవ్వనీయరాదు. వారమున కొకసారి అరికాళ్లు చూడవలెను. పుండు కనబడినచో పశువైద్యుని చూపింపవలెను, సొంతవైద్యము తగదు. పెన్సిలిన్ వంటి మందులు నోటిద్వారా ఇచ్చినచో కుందేటి ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి ప్రాణమునకే ముప్పు కలుగును.

మనుష్యుడు కుందేటికి పెద్ద శరీరమును, మఖ్మలు కోటును, రోగభయము తగ్గించు ఇంటిని ఇచ్చెను. ఆ మూడింటి మూల్యమును దాని పాదము చెల్లించుచున్నది. మనము తీసికొన్న మట్టికి బదులు గుప్పెడు ఎండుగడ్డినైన దాని కాలిక్రింద పఱచుట మన విధి.