నీటి దారి, చదువు దారి: ఉట్నూరు గుట్టల్లో ఎనభై ఏళ్ల చరిత్ర

ఏటా పుష్య మాసంలో మెస్రం వంశస్థులు కేస్లాపూర్ నుంచి కాలినడకన బయలుదేరి జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగుకు చేరుకుంటారు. అక్కడ గోదావరి నీళ్లు ఝారీలో ముంచుకుని మళ్లీ నడిచి, గుట్టలెక్కి, ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌కు తెస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతోనే నాగోబాకు అభిషేకం జరుగుతుంది. ఈ నడకలోని భక్తి అందరికీ తెలుసు. అందులో ఒక భూగోళ పాఠం కూడా ఉంది. వానాకాలంలో గుట్టల మీద కురిసిన నీళ్లు ఒర్రెలై, వాగులై కిందికి దిగి గోదావరిలో కలుస్తాయి. మెస్రంలు ఆ గోదావరి నీళ్లను మళ్లీ గుట్టమీదికి తెస్తారు. పై ఊరికీ కింది నదికీ ఉన్న చుట్టరికాన్ని ఏడాదికోసారి కాళ్లతో కొలిచి వస్తారు.

ఆ చుట్టరికాన్నే ఈనాడు ఆఫీసుల్లో వాటర్‌షెడ్ అంటున్నారు. ఒక ఒర్రెకు ఎంత మేర నేల మీద పడిన వాన వచ్చి చేరుతుందో, ఆ నేలంతా కలిపి దాని వాటర్‌షెడ్. తెలుగు పుస్తకాల్లో పరీవాహక ప్రాంతం అని రాస్తారు. ఉట్నూరు గుట్టల మీద పడిన వాన రెండు వైపులకు చీలుతుంది. కొంత కడెం వాగులో చేరి, కుంటాల దగ్గర జలపాతమై దూకి, గోదావరికి పోతుంది. కెరమెరి, జోడేఘాట్ గుట్టల వైపు పడినది పెద్దవాగు పట్టుకుని ప్రాణహితకు చేరుతుంది. ఆ ప్రాణహిత కూడా చివరికి కాళేశ్వరం దగ్గర గోదావరిలోనే కలుస్తుంది.

ఈ గుట్టల్లో నీటి పనులది ఒక చరిత్ర, చదువుది ఒక చరిత్ర. రెండూ ఎనభై ఏళ్లుగా పక్కపక్కనే నడుస్తున్నా ఒకదానితో ఒకటి కలవలేదు. వాటిని కలపగలిగినవాడు బడి పంతులు. ఆ మాట ఎందుకు అనాల్సి వస్తున్నదో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

అడవికి గీసిన గీత

నిజాం పాలనలో ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆదిలాబాద్ అడవులకు రిజర్వు హద్దులు గీశారు. అంతవరకు గోండులు గుట్టల నడుమ చదును నేలల్లో నాగలి సేద్యం చేసేవారు. ఒక చేను కొన్నేళ్లు దున్ని, బలం తగ్గగానే బీడు పెట్టి వేరే చేనుకు పోయేవారు. కొలాములు గుట్టల పైభాగాల్లో ఉండి పోడు చేసుకునేవారు. నేల విశాలంగా ఉన్నంతకాలం బీడు పెట్టిన చోట మళ్లీ చెట్టు లేచేది. రిజర్వు గీత పడ్డాక ఊరు కింద మిగిలింది, వాగు పుట్టే చోటు అటవీ శాఖ చేతికి పోయింది. పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను. బీడు పెట్టడానికి జాగా లేక అదే నేలను మళ్లీమళ్లీ దున్నాల్సి వచ్చింది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన పోరాటం ఈ గీత మీదనే. ఆ పోరాటం పేరెత్తితే గుర్తొచ్చే మూడు మాటలు జల్, జంగల్, జమీన్. ఆ వరుసలో జల్ ముందుంది. అడవి పోతే నీళ్లు పోతాయి, నీళ్లు పోతే చేను పోతుంది. ఈ సంగతి మన పెద్దలకు ఏ పుస్తకమూ నేర్పలేదు.

ఆ తర్వాత చాలాకాలం బడి పాఠాల్లోనూ అధికారుల మాటల్లోనూ ఒకటే వినిపించింది: పోడు వల్లనే అడవి నాశనమైంది, వాగులు పూడిపోయాయి అని. ఏటవాలు గుట్ట మీద చెట్టు కొట్టి ఏటేటా సాగు చేస్తే మట్టి కొట్టుకుపోవడం నిజమే, దాన్ని కాదనలేం. కానీ బీడు పెట్టే వీలు లేకుండా చేసిందెవరు? కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు దారి పడ్డాక ఈ అడవుల నుంచి ఎంత టేకు పోయింది? 1940ల్లో పని మొదలుపెట్టిన సిర్పూర్ కాగితం మిల్లుకు ఎంత వెదురు పోయింది? పోడు ఒక్కటే నేరమని చదివిన పిల్లవాడు తన తాతను దోషిగా చూస్తాడు, ఈ ప్రశ్నలు అడగడు. పర్యావరణ విద్య పేరుతో జరిగిన మొదటి అన్యాయం ఇదే.

మార్లవాయి చెప్పిన పాఠం

భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను ఇక్కడి పరిస్థితులు తెలుసుకోవడానికి పంపింది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలుపెట్టాడు. అప్పటికి గోండుల్లో చదవను రాయను వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందితోనే పని మొదలైంది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. అక్కడ నేర్చుకున్న యువకులు చుట్టుపక్కల ఊళ్లలో పంతుళ్లయ్యారు. కొందరు పట్వారీలు, గుమాస్తాలు అయ్యారు. అదే దశాబ్దంలో ఆదివాసీలకు లక్ష ఎకరాలకు పైగా భూమికి పట్టాలు ఇచ్చారు. పట్టా కాగితం మీద ఏం రాసి ఉందో చదివి చెప్పడానికి ఊళ్లోనే ఒక మనిషి దొరికాడు.

మార్లవాయిలో వాటర్‌షెడ్ అనే పాఠమేమీ లేదు. ఆ కేంద్రం నేర్పింది వేరొకటి. బయటి నుంచి పంతులును తెచ్చి ఊరికి అలవాటు చేయడం కంటే ఊరి మనిషిని పంతులుగా చేయడం నయమని అది చేసి చూపించింది. వాగు పేరు, చేను పేరు, ఏ గుట్ట మీద ఏ పెన్ ఉందో తెలిసిన మనిషి అక్షరం నేర్పితే ఆ అక్షరం నేలకు అంటుకుంటుంది. సంస్థానం పోయి, 1956లో భాషా రాష్ట్రం వచ్చాక గోండీ మాధ్యమం నిలవలేదు. బడి తెలుగు బడి అయింది. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌ల సమాధులు ఇప్పటికీ మార్లవాయిలో ఉన్నాయి. ఆ శిక్షణ కేంద్రం పద్ధతి మాత్రం మిగలలేదు.

వాటర్‌షెడ్ వచ్చింది, బడి దాకా రాలేదు

1994లో హనుమంతరావు కమిటీ నివేదిక ఇచ్చింది. కమిటీ అధ్యక్షుడు సి.హెచ్. హనుమంతరావు తెలంగాణ బిడ్డ, పేరున్న ఆర్థికవేత్త. ఆ సిఫారసుల మీద తయారైన మార్గదర్శకాలు 1995 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చాయి. సుమారు 500 హెక్టార్లు ఒక వాటర్‌షెడ్. ఊరి వాళ్లతోనే కమిటీ, వినియోగదారుల సంఘాలు, పొదుపు సంఘాలు. పని గుట్ట తలమీద మొదలై కిందికి రావాలి: పైన కందకాలు, ఒర్రెల్లో రాతి కట్టలు, కింద చెక్‌డ్యాములు, ఊట కుంటలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో పదేళ్ల వాటర్‌షెడ్ పథకం, 2000లో నీరు-మీరు, 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం వచ్చాయి. 'వాల్టా' అంటే ఇదే.

మార్గదర్శకాల్లో శిక్షణకు విడిగా డబ్బు పెట్టారు. కమిటీ సభ్యులకు, కార్యదర్శికి, రైతులకు శిక్షణ ఇవ్వాలన్నారు. బడికి మాత్రం ఆ ఏర్పాటులో చోటు దొరకలేదు. ఊళ్లో కందకం తవ్వుతుంటే బడిలో వేరే పాఠం నడిచింది. పథకం గడువు తీరింది, ఖాతా మూశారు, కమిటీ పేరు బోర్డు మీద మిగిలింది. కందకం ఎందుకు తవ్వారో, ఏటా పూడిక ఎందుకు తీయాలో తర్వాతి తరానికి చెప్పేవాళ్లు లేకపోతే రాతి కట్ట కొన్ని వానలకే రాళ్ల కుప్ప అవుతుంది. కట్టకు సిమెంటు ఎంత అవసరమో, దాన్ని చూసుకునే మనిషికి తెలివిడి అంతే అవసరం.

పాఠం వచ్చింది, వాగు రాలేదు

చదువు వైపు కథ ఇందుకు తిరగబడి ఉంది. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు బడుల్లో, కాలేజీల్లో పర్యావరణం తప్పనిసరిగా బోధించాలని ఆదేశించింది. 2001-02లో జాతీయ హరిత దళం మొదలైంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల చుట్టూ ఉన్న పరిసరాల నుంచే చదువు మొదలు కావాలని చెప్పింది. ఇవన్నీ మంచివే. కానీ పరిసరాల విజ్ఞానం ఒక పుస్తకమై, పరీక్షలో మార్కులై మిగిలింది. ఓజోన్ పొర గురించి రాయగల పిల్లవాడికి తన బడి వెనుక ఒర్రె ఎక్కడ పుట్టిందో చెప్పమంటే తెలియదు. ఆ ప్రశ్న అడగాలని పంతులుకు ఎవరూ శిక్షణ ఇవ్వలేదు.

2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో గోండీ, కొలామీ, కోయ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. మార్లవాయి ఆలోచన అరవై ఏళ్ల తర్వాత తిరిగి మొలకెత్తినట్టయింది. షెడ్యూల్డ్ ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000 జనవరిలో వచ్చిన జీవో 3 కూడా ఆ దారిలోదే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. మనలో చాలామంది దీన్ని ఉద్యోగాల సమస్యగానే చూశాం. ఉద్యోగంతో పాటు పోయేది ఇంకొకటి ఉంది. గోండీలో 'ఏర్' అంటే నీళ్లు, తెలుగులో 'ఏరు' అంటే పారే వాగు. ఈ రెండు మాటల దగ్గరతనాన్ని చూపి పాఠం మొదలుపెట్టగల మనిషి బడిలో లేకుండా పోతాడు. ఇక బయటి నుంచి వచ్చే పంతులైనా సరే ఊరి దగ్గర నేర్చుకుని తీరాలి. శిక్షణ అక్కడ మొదలు కావాలి.

పంతులు శిక్షణలో ఏముండాలి

మొదటిది వాగు నడక. ఊరి పటేల్‌ను, దేవారిని, నీళ్లు మోసే ఆడవాళ్లను వెంటబెట్టుకుని బడి దగ్గరి ఒర్రె నుంచి అది పుట్టే చోటు దాకా నడవాలి. ప్రతి మలుపుకు, చెలమకు, రాయికి ఊళ్లో ఉన్న పేరు రాసుకోవాలి. ఏ చెలమ ఏ నెల దాకా ఊరేది, ఎప్పటి నుంచి ఎండుతున్నది అని అడగాలి. ఆ నడకలో తయారైన పటమే ఊరి మొదటి వాటర్‌షెడ్ పటం.

రెండోది లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. బడి కప్పు 100 చదరపు మీటర్లయితే 10 మిల్లీమీటర్ల వానకు 1000 లీటర్లు. 500 హెక్టార్ల వాటర్‌షెడ్ మీద ఏడాదికి 1000 మిల్లీమీటర్లు పడితే 500 కోట్ల లీటర్లు. ఆదిలాబాద్ వైపు సగటు వాన అంతకు తక్కువ ఉండదు. అన్ని నీళ్లు పడ్డ ఊళ్లో ఎండాకాలం బిందె ఎందుకు నిండడం లేదన్న ప్రశ్న పిల్లలే వేస్తారు. గోడలు నిలువుగా ఉన్న ఒక డబ్బా, ఒక స్కేలు ఉంటే వాన కొలవడానికి చాలు.

మూడోది చేతి పని. రెండు సమానమైన వెదురు కర్రలను పైన కలిపి కట్టి, మధ్యలో అడ్డకర్ర బిగించి, పైనుంచి దారానికి రాయి వేలాడదీయాలి. కింది కాళ్లు రెండూ సమాన ఎత్తులో ఉంటే దారం అడ్డకర్ర నడిమి గుర్తు మీద నిలుస్తుంది. దీన్ని ఒక్కో అడుగు జరుపుతూ మేకులు కొడుతూ పోతే గుట్టకు అడ్డంగా సమమట్టపు గీత వస్తుంది. కందకం ఆ గీత మీద తవ్వాలి. ఏ ఇంజినీరూ రాకముందే ఏడో తరగతి పిల్లలు ఇది చేయగలరు.

నాలుగోది మట్టి చూపు. పెద్ద వాన వెలిసిన వెంటనే చెట్లున్న చోటి ఒర్రె నుంచి ఒక సీసా, దున్నిన చేను కింది ఒర్రె నుంచి ఒక సీసా నీళ్లు పట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలి. అడుగున పేరిన మట్టి ఎంత తేడాగా ఉందో పిల్లలు కళ్లతో చూస్తారు. పోడు గురించి, అడవి గురించి వాదన అప్పుడు నిజం మీద నిలబడి జరుగుతుంది. తాతను తిట్టడంతో అది ఆగిపోదు.

చట్టం చేతికి ఇచ్చింది

ఇది బడి మార్కుల కోసం మాత్రమే చేసే పని కాదు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళికను, నిర్వహణను పంచాయతీలకు అప్పగించింది. 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. హక్కుదారులకు, గ్రామసభకు చుట్టుపక్కల పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడుకునే అధికారం ఇచ్చింది. నిజాం కాలంలో గీత గీసి లాక్కున్న చోటును కాపాడుకునే అధికారం కాగితం మీద గ్రామసభకు తిరిగి వచ్చింది. ఆ కాగితాన్ని చదివి, పటం గీసి, లెక్క కట్టి, 'ఇది మా వాగు పుట్టే చోటు' అని గ్రామసభలో నిలబడి చెప్పగల యువత లేకపోతే అధికారం కాగితం మీదే ఉంటుంది. గని కోసమో ప్రాజెక్టు కోసమో ఎవరో వచ్చి అడిగిన రోజు మన దగ్గర జవాబు ఉండదు.

1943లో మార్లవాయి పంతులు పట్టా కాగితం చదివి చెప్పాడు. ఈనాటి పంతులు వాగును చదవడం నేర్పాలి. శిక్షణ ఇచ్చే సంస్థలు, ఐటీడీఏలు ఈ నాలుగు పనులను ఉపాధ్యాయుల శిక్షణలో చేర్చాలని మనం అడగాలి. ఉత్తర్వు వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. వచ్చే వానాకాలం మొదటి వానకు ఒక డబ్బా, ఒక దారం, మూడు వెదురు కర్రలు, ఒర్రె పేర్లు తెలిసిన ఒక పెద్దమనిషి ఉంటే ఏ బడిలోనైనా మొదలుపెట్టవచ్చు.